లీటర్ల లెక్క, రోజుల లెక్క: ఒంగోలు, నెల్లూరు నీళ్ల గురించి జనం మాట

పట్టణంలో మంచినీళ్ల సంగతి ఎత్తితే రెండు లెక్కలు వినిపిస్తాయి. మున్సిపల్ ఇంజినీరు లీటర్లలో మాట్లాడతాడు: తలకు రోజుకు ఇన్ని లీటర్లు ఇస్తున్నాం, ట్యాంకుల్లో ఇంత నిల్వ ఉంది, కొత్తగా ఇన్ని కిలోమీటర్ల పైపులైను వేశాం. ఇంట్లో బిందెలు పట్టే ఆమె రోజుల్లో మాట్లాడుతుంది: మొన్న వచ్చాయి, మళ్లీ రేపో ఎల్లుండో వస్తాయి, వచ్చినా మా వైపు అరగంట కూడా రావు. ఇద్దరి మాటా నిజమే. అయితే మొదటి లెక్క ఫైళ్లకు ఎక్కుతుంది, రెండోది ఫిర్యాదుల పుస్తకంలో ఆగిపోతుంది. జనం చెప్పేది అసంతృప్తి కింద జమవుతుందే తప్ప కొలత కింద జమ కాదు. అదే పెద్ద పొరపాటు. నీళ్లు పట్టుకునే మనిషి కొన్ని విషయాలను ఏ మీటరూ కొలవలేనంత కచ్చితంగా కొలుస్తుంది. మరికొన్నిటిని అసలు కొలవలేదు. ఈ రెండూ వేరు చేసి చూస్తే ఒంగోలు, నెల్లూరు, పాత ప్రకాశం జిల్లా పడమటి పట్టణాల నీటి కష్టం ఇప్పుడు మాట్లాడుకుంటున్న దానికంటే చాలా వేరుగా కనిపిస్తుంది.

ముందు ప్రభుత్వ లెక్క ఏమిటో చూద్దాం. పట్టణ సేవలను కొలవడానికి కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2008లో కొన్ని ప్రమాణాలు పెట్టింది. నీటి సరఫరాకు తొమ్మిది సూచికలున్నాయి. ఇంటింటికీ కనెక్షన్, తలకు రోజుకు 135 లీటర్లు, 24 గంటల సరఫరా, నూటికి నూరు శాతం మీటర్లు, లెక్కకు రాకుండా పోయే నీళ్లు 20 శాతానికి మించకుండా ఉండటం, నాణ్యత, ఫిర్యాదుల పరిష్కారం, ఖర్చు రాబట్టుకోవడం, బిల్లుల వసూలు. మంచి ప్రమాణాలే. కానీ ఏ వీధిలోనైనా పదిమందిని నీళ్ల గురించి అడగండి. మొదట వచ్చే మాట ‘ఎప్పుడొస్తాయో తెలియదు’ అన్నదే. ఆ తొమ్మిదిట్లో దీనికి చోటు లేదు. రెండు రోజులకోసారి కచ్చితంగా ఉదయం ఆరింటికి వచ్చే నీళ్లు ఒక రకం. సగటున రెండు రోజులకోసారి, ఒకసారి తెల్లవారుజామున నాలుగింటికి, ఇంకోసారి మధ్యాహ్నం రెండింటికి వచ్చేవి ఇంకో రకం. రికార్డులో రెండూ ఒకటే. మొదటి రకంలో బతుకు సర్దుకుంటుంది. రెండో రకంలో ఇంట్లో ఒక మనిషి ఎప్పుడూ నీళ్ల కోసం కట్టుబడి ఉండాలి. పనికి సెలవు పెట్టాలి, పెళ్లికి వెళ్లినా మధ్యలో తిరిగి రావాలి, రాత్రి నిద్రలో కూడా కుళాయి చప్పుడుకి చెవి పెట్టాలి. జనం దాన్ని నీళ్ల టెన్షన్ అంటారు. వాళ్లకు లీటర్ల కొరత కంటే ఎక్కువ బాధ పెట్టేది ఈ టెన్షనే.

ఇక ‘డ్యామ్ నిండింది కదా, మాకెందుకు రావు?’ అనే ప్రశ్న. దీన్ని అధికారులు తెలియనితనం కింద కొట్టిపారేస్తుంటారు. నిజానికి లెక్కేస్తే జనమే కరెక్టు. ఒక టీఎంసీ అంటే సుమారు 2,832 కోట్ల లీటర్లు. నెల్లూరులో 6 లక్షల మంది ఉన్నారనుకుని తలకు రోజుకు 135 లీటర్లు ఇస్తే రోజుకు 8.1 కోట్ల లీటర్లు కావాలి. ఏడాదికి ఒక టీఎంసీకి కాస్త ఎక్కువ. ఒంగోలులో 3 లక్షల మందనుకుంటే ఏడాదికి అర టీఎంసీ సరిపోతుంది. సోమశిల జలాశయం సామర్థ్యం 78 టీఎంసీలు, కండలేరుది 68. పైపుల్లో కారిపోయేవి, ఎండకు ఆవిరయ్యేవి ఎంత కలిపినా, ఊరికి తాగడానికి కావలసింది ఆ జలాశయాల్లో చిన్న భాగం. కాబట్టి డ్యామ్ నిండినా పంపు రాకపోతే కారణం నదిలో వెతకకూడదు. డ్యామ్‌కీ పంపుకీ మధ్య ఉన్న శుద్ధి ప్లాంటు, మోటార్లు, కరెంటు, ఓవర్‌హెడ్ ట్యాంకు, వీధి పైపు, వాల్వులో వెతకాలి. జనం ప్రశ్న సరైనదే. ఆ ప్రశ్నకు జవాబుగా ప్రతిసారీ వర్షాభావం గురించి చెప్పడం వల్ల అసలు చోటు మరుగున పడుతోంది.

ఒంగోలు సంగతి వచ్చేసరికి ఈ ప్రశ్నకు ఇంకో మడత ఉంది. ఒంగోలు తాగే నీళ్లలో ఎక్కువ భాగం సాగర్ నీళ్లు. నాగార్జునసాగర్ కుడి కాలువ 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, పల్నాడు, గుంటూరు పొలాలన్నీ దాటి ప్రకాశం చేరుతుంది. ఈ జిల్లా చిట్టచివర ఉంది. వేసవిలో సాగుకు కాలువ కట్టేశాక, తాగునీటి కోసం ప్రత్యేకంగా కొన్ని రోజులు నీళ్లు వదులుతారు. ఆ కొద్ది రోజుల్లోనే రామతీర్థం జలాశయం, పట్టణ సమ్మర్ స్టోరేజీ ట్యాంకులు, ఊళ్ల చెరువులు నింపుకోవాలి. దారి పొడవునా ఇంజిన్లు పెట్టి నీళ్లు లాగకుండా కాలువ గట్ల మీద కాపలా పెడతారు. ట్యాంకు నిండితే ఊరు గట్టెక్కినట్టే. నిండకపోతే రెండు రోజులకోసారి వచ్చేవి మూడుకి, నాలుగుకి జరుగుతాయి. అందుకే ఒంగోలు మనిషికి సాగర్ నీటిమట్టం దూరపు వార్త కాదు. 590 అడుగులు పూర్తి మట్టం, 510 అడుగులకు దిగితే డెడ్ స్టోరేజీ (ఇక వాడుకోకూడని అడుగు నీళ్లు) అని ఇంట్లో పెద్దవాళ్లు నోటి లెక్కగా చెప్పగలరు. 2023 నవంబరు చివర్లో సాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డప్పుడు ఆంధ్రప్రదేశ్ చెప్పిన కారణం తాగునీటి అవసరమే. టీవీలో రాజకీయంగా నడిచిన ఆ గొడవ, కాలువ చివర ఉన్నవాళ్లకు వచ్చే నెల పంపు సంగతి.

గుండ్లకమ్మ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మద్దిపాడు మండలం మల్లవరం దగ్గర కట్టిన ఈ రిజర్వాయర్ లక్ష్యాల్లో ఒంగోలుకు తాగునీళ్లు కూడా ఉన్నాయి. 2022లో దాని గేటు ఒకటి కొట్టుకుపోయి నిల్వ చేసిన నీళ్లు సముద్రం పాలయ్యాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వానలప్పుడు ఇంకో గేటు పోయింది. నీళ్ల మీద జనం అభిప్రాయం ఎలా తయారవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఏడాదంతా పంపు వచ్చినా రాకపోయినా అందులో ఎవరి తప్పు ఎంతో సామాన్యుడికి కనపడదు. విరిగిన గేటు మాత్రం ఫొటోలో కనపడుతుంది. ఆ ఒక్క దృశ్యం తర్వాత ‘నీళ్లు లేవు’ అనే మాటను ఎవరూ నమ్మరు. ‘ఉన్నవి కాపాడలేదు’ అంటారు. ఆ తర్వాత పెట్టే ప్రతి కోతకూ, కరెంటు పోయిన రోజు ఆలస్యానికి కూడా, జనం అదే కారణం అంటగడతారు. నమ్మకం పోవడానికి ఒక గేటు చాలింది. అది తిరిగి రావాలంటే కొత్త గేటు బిగించడం సరిపోదు.

నెల్లూరు బాధ వేరు. పెన్నా ఒడ్డున ఉన్న ఊరు. 1855 నాటికే ఇక్కడ ఆనకట్ట ఉంది. 2022 సెప్టెంబరులో సంగం, నెల్లూరు బ్యారేజీలు రెండూ ప్రారంభమయ్యాయి. ఈ జిల్లా గుండానే, కండలేరు నుంచి పూండి వైపు, తెలుగుగంగ నీళ్లు చెన్నైకి వెళ్తాయి. ఏడాదికి 15 టీఎంసీలని 1983లో ఒప్పందం. ‘మన ముందు నుంచే పక్క రాష్ట్రానికి పోతున్నాయి, మనకు మాత్రం కోత’ అన్న మాట నెల్లూరులో వేసవి వచ్చిందంటే వినపడుతుంది. ఆ కోపం సహజం. కానీ పైన వేసిన లెక్క చూస్తే చెన్నైకి వెళ్లేవి ఆపినా నెల్లూరు చివరి వీధి పంపు రాదు. నెల్లూరు ఊరికి కావలసిన ఒక టీఎంసీకీ ఆ పదిహేనుకీ సంబంధమే లేదు. నగరంలో కేంద్ర ప్రభుత్వ రుణ సంస్థ హడ్కో ఇచ్చిన అప్పుతో మంచినీటి పథకం, భూగర్భ డ్రైనేజీ పనులు ఒకే కాలంలో సాగాయి. తవ్విన వీధి పూడ్చేలోపే మళ్లీ తవ్వడం, పాత పైపు ఎక్కడో పగలడం, పంపులో మురికి రావడం. ఆ రోజుల్లో రోడ్డు మీద పడిన బాధ నీళ్ల పథకం మీద అభిప్రాయంగా మిగిలింది. ఒక పథకం పూర్తయ్యాక ఇచ్చే మేలు కంటే, అది జరుగుతున్నప్పుడు పెట్టిన ఇబ్బందే ఎక్కువ కాలం గుర్తుంటుంది. ఇంజినీర్లకు అన్యాయంగా అనిపించవచ్చు. ప్లాను వేసేటప్పుడు ఏ వీధి ఎన్ని రోజులు తవ్వి ఉంటుందో, ఆ రోజుల్లో నీళ్లు ఎలా ఇస్తారో ముందే ఇంటింటికీ చెప్పకపోవడం అంతకంటే పెద్ద అన్యాయం.

ఇక్కడ నుంచి వీధిలోకి దిగాలి. అసలు విషయమంతా అక్కడే ఉంది.

వాల్వు తిప్పగానే నీళ్లు అందరికీ ఒకేసారి రావు. ఖాళీగా ఉన్న పైపు ముందు నిండాలి. ట్యాంకుకు దగ్గర ఉన్న ఇళ్లకు, పల్లంలో ఉన్న ఇళ్లకు మొదట వస్తాయి, జోరుగా వస్తాయి. మెరకలో ఉన్నవాళ్లకు, లైను చివరి వాళ్లకు గాలి చప్పుడు మొదట, నీళ్లు తర్వాత. జోరు లేదని తెలిసిన ఇంటివాళ్లు పంపుకే నేరుగా అర హెచ్‌పీ మోటరు బిగిస్తారు. ఒకరు బిగిస్తే పక్కింటివాళ్లకు తగ్గిపోతాయి, వాళ్లూ బిగిస్తారు. మోటరు కొనలేని ఇంట్లో ఇంకో పని చేస్తారు. గుమ్మం ముందు, వీధి పైపు దగ్గర మోకాలి లోతు గుంత తవ్వి పంపు మూతి దాంట్లోకి దించుతారు. కింద ఉంటే కాసిని ఎక్కువ పడతాయి కాబట్టి. పాత పేటల్లో, కొత్తగా పెరిగిన కాలనీల్లో చాలా ఇళ్ల ముందు ఇలాంటి గుంతలుంటాయి. చుట్టూ నాలుగు ఇటుకలు, పైన ఒక రేకు ముక్క. గుంతలోకి దిగి, వంగి, స్టీలు చెంబుతో ముంచి బిందెలో పోయాలి. వానొచ్చినా, పక్క కాలువ పొంగినా ఆ గుంత నిండుతుంది. సరఫరా ఆగగానే పైపులో నీళ్లు వెనక్కి జారి లోపల ఖాళీ ఏర్పడుతుంది. అప్పుడు పైపు బయట ఉన్నదాన్ని లోపలికి లాగుతుంది. గుంతలో మునిగి ఉన్న పంపు మూతి నుంచీ, పగుళ్ల నుంచీ మురికి లోపలికి చేరుతుంది. తర్వాత నీళ్లు వదిలినప్పుడు మొదటి రెండు బిందెలు ఎర్రగానో వాసనగానో రావడానికి కారణం ఇదే. అందుకే ఇళ్లల్లో మొదటి నీళ్లు పారబోస్తారు. శాస్త్రం తెలియకపోయినా చేసే సరైన పని అది.

గంటో రెండు గంటలో వదిలే సరఫరాలో ఉన్న అసలు ప్రమాదం ఇదే. నీళ్లు తగ్గించి ఇస్తున్నాం అనుకుంటారు, కానీ పైపును రోజూ ఖాళీ చేసి మురికికి తలుపు తెరుస్తున్నారు. 2018 మార్చిలో గుంటూరులో కలుషితమైన నీళ్ల వల్ల అతిసారం పాకి మనుషులు చనిపోయారు. ఏ ఊళ్లోనైనా పైపు, కాలువ పక్కపక్కనే ఉండి సరఫరా ఆగి ఆగి వస్తుంటే ఆ ప్రమాదం ఉన్నట్టే.

వీధిలో జనం గమనించే ఇంకో సంగతి న్యాయం. ‘మాకు రావు’ అన్న ఫిర్యాదు కంటే ‘వాళ్లకు వస్తాయి, మాకు రావు’ అన్న ఫిర్యాదు పది రెట్లు గట్టిగా ఉంటుంది. పక్క వీధిలో కారు కడుగుతుంటే ఈ వీధిలో బిందె నిండకపోతే ఎవరైనా ఏమనుకుంటారు? వాల్వు తిప్పే మనిషికి ఎవరో చెప్పారనుకుంటారు. చాలాసార్లు కారణం మెరక పల్లాలు, పైపు సైజు. కొన్నిసార్లు జనం అనుకున్నదే నిజం. రెండిట్లో ఏదో తేల్చడానికి ఒక్కటే మార్గముంది: ఏ వాల్వు ఏ రోజు ఎన్నింటికి తెరిచారు, ఎన్నింటికి కట్టారు అన్నది రాసి, అందరికీ కనపడేలా పెట్టడం. అది లేనంతకాలం అనుమానమే సమాచారం అవుతుంది.

అదే వీధిలో ఇద్దరికి ఒకే నీళ్లు రెండు రకాలుగా ఉంటాయి. నలుగురున్న ఇంటికి తలకు 135 లీటర్ల చొప్పున మూడు రోజులకు 1,620 లీటర్లు కావాలి. సంపు, పైన ట్యాంకు ఉన్న ఇంటికి మూడు రోజులకోసారి వచ్చినా చాలు. నిండిపోతుంది, మోటరు వేసుకుంటే ఇంట్లో 24 గంటల సరఫరా. సంపు లేని ఇంట్లో అవే నీళ్లు నిల్వ చేయాలంటే 200 లీటర్ల డ్రమ్ములు ఎనిమిదికి పైగా కావాలి. 15 లీటర్ల బిందెలైతే నూట ఎనిమిది. ఒకటిన్నర గది ఇంట్లో రెండు డ్రమ్ములు, పది బిందెలు పట్టడమే కష్టం. కాబట్టి మున్సిపాలిటీ ఎన్ని లీటర్లు వదిలినా ఆ ఇల్లు పట్టుకునేది ఐదారు వందలు. మిగతావి ఆ ఇంటి లెక్కలో లేవు. తలకు ఇన్ని లీటర్లు ఇస్తున్నామన్న మాట ఇక్కడ కుప్పకూలుతుంది. పైగా ఆ డ్రమ్ముల్లో మూత లేకుండా వారం నిలిచిన మంచినీళ్లే డెంగీ దోమ గుడ్లు పెట్టే చోటు. వానాకాలం వచ్చాక ఫాగింగ్ మిషన్లు తిప్పేవాళ్లు, ఈ డ్రమ్ములు ఎందుకొచ్చాయో అడిగితే బాగుండు.

ఇప్పుడు సర్వేల విషయం. పేయ్ జల్ సర్వేక్షణ్ పేరుతో కేంద్రం, తన పట్టణ పథకం అమృత్ కింద ఉన్న నగరాల తాగునీటి మీద పోటీ సర్వే పెట్టింది. పౌరుల అభిప్రాయం కూడా అందులో ఒక భాగం. ఆలోచన మంచిదే. కానీ అభిప్రాయం అడిగేటప్పుడు ఒక చిక్కుంది. నీళ్ల మీద ఎక్కువ తృప్తిగా కనిపించేవాళ్లలో చాలామంది ఆ నీళ్లను వదిలేసినవాళ్లు. అపార్టుమెంటులో బోరుంది, తాగడానికి క్యాను వస్తుంది, వేసవిలో ట్యాంకరు దిగుతుంది. మున్సిపాలిటీ నీళ్లు ఎలా ఉన్నాయంటే ‘పర్లేదండీ’ అంటారు. ఆ మాటలో ఇబ్బంది లేదు, ఎందుకంటే వాడకమే లేదు. 2018లో జాతీయ నమూనా సర్వే 76వ విడతలో పట్టణ కుటుంబాల్లో 40.9 శాతానికి మాత్రమే ఇంట్లోకి వచ్చే పైపు నీళ్లు ప్రధాన తాగునీటి ఆధారమని తేలింది. దేశం మొత్తం లెక్క అది. అంటే సగానికి పైగా ఇళ్లు ఇంట్లోకి వచ్చే పైపు మీద కాక, వాకిట్లో కుళాయి, వీధి కుళాయి, బోరు, క్యాను లాంటి వాటి మీద ఆధారపడుతున్నాయి. ఫిర్యాదులు తగ్గాయంటే సరఫరా మెరుగైందని సంబరపడే ముందు, ఎంతమంది పంపు వైపు చూడటం మానేశారో లెక్కపెట్టాలి. ఫిర్యాదు చేసేవాడు ఇంకా నమ్మకం మిగిలినవాడు. ఊరుకున్నవాడే పోగొట్టుకున్న వినియోగదారు.

అడిగేది ఎవరిని అన్నది ఇంకా ముఖ్యం. సర్వే చేసేవాళ్లు పగలు వస్తారు, ఇంటి యజమాని అని మగాయన్ని అడుగుతారు. నీళ్లు వస్తున్నాయా అంటే ‘వస్తున్నాయి’ అంటాడు, ఆయన లేచేసరికి బిందెలు నిండి ఉంటాయి కాబట్టి. నాలుగింటికి లేచింది ఎవరో, పక్కింటామెతో వంతు కోసం మాట పడింది ఎవరో ఆ కాగితంలో ఉండదు. సర్వే ప్రశ్న మారాలి. నీళ్లు వస్తున్నాయా అని కాదు, ఆఖరిసారి నీళ్లు పట్టింది ఎవరు, ఎన్నింటికి, ఎంతసేపు అని అడగాలి. ఆ ఒక్క మార్పుతో జవాబులు తలకిందులవుతాయి.

ఇంతవరకూ జనం లెక్క మెరుగ్గా ఉన్న చోట్లు. ఇప్పుడు అది తప్పే చోట్లు కూడా అంతే నిజాయితీగా చెప్పాలి.

నీళ్లు మంచివా కాదా అని ఇంట్లో చూసే పరీక్షలు కొన్ని ఉన్నాయి. పప్పు ఉడుకుతోందా, సబ్బు నురగ వస్తోందా, అన్నం పచ్చబడుతోందా, బిందె అడుగున తెల్లగా పేరుకుంటోందా, గ్లాసులో పోస్తే తేటగా ఉన్నాయా, నోట్లో ఉప్పగా తగులుతోందా. ఇవి పనికిరాని పరీక్షలేం కావు. పప్పు ఉడక్కపోవడం నీళ్ల కాఠిన్యానికి గుర్తు. ఉప్పదనం ఒంగోలు లాంటి తీరప్రాంత బోర్లలో ఉన్న అసలు సమస్య. అయితే ఈ పరీక్షలన్నీ కంటికి, నాలుకకు అందేవాటినే పట్టుకుంటాయి. పాత ప్రకాశం జిల్లా పడమటి పట్టణాలు, ఊళ్లు, ముఖ్యంగా కనిగిరి ప్రాంతం, దశాబ్దాలుగా పడుతున్న ఫ్లోరైడ్ బాధ వీటిలో దేనికీ దొరకదు. ఫ్లోరైడుకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కాచినా పోదు, నీళ్లు ఇగిరే కొద్దీ చిక్కబడుతుంది. పైగా కాల్షియం తక్కువగా ఉన్న మెత్తటి నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ కరిగి ఉండే వీలుంది. అంటే పప్పు చక్కగా ఉడికి, సబ్బు బాగా నురగ వచ్చే బోరు నీళ్లు ఇంటి పరీక్షలన్నీ పాసవుతూనే పిల్లల పళ్ల మీద గార చారలు, పెద్దవాళ్లకు కీళ్లు, వెన్ను బిగుసుకుపోవడం తెచ్చిపెట్టగలవు. భారత ప్రమాణం ప్రకారం లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు మేలు, వేరే దారి లేకపోతే 1.5 దాకా. ఆ తేడా నాలుకకు తెలిసే దారి లేదు. ఇక్కడ జనాభిప్రాయం మీద ఆధారపడితే ప్రాణం మీదికి వస్తుంది. ప్రతి బోరు మీద పరీక్ష ఫలితం అంకె రాసి ఉంచాల్సిందే. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం నుంచి సొరంగాల ద్వారా కృష్ణా నీళ్లు తెచ్చే ఆ పని మీద పడమటి ప్రాంతం పెట్టుకున్న ఆశల్లో ఈ బోరు నీళ్ల నుంచి బయటపడటం కూడా ఉంది.

క్లోరిన్ విషయంలో అభిప్రాయం పూర్తిగా తిరగబడి ఉంది. పంపు నీళ్లలో బ్లీచింగ్ వాసన వస్తే ‘పాడైన నీళ్లు’ అని పక్కన పెడతారు. నిజానికి చివరి ఇంటి పంపులో కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. దారిలో కలిసిన క్రిమిని చంపేది అదే. వాసన మరీ ఘాటుగా ఉంటే మోతాదు తప్పిందని అర్థం, అసలు లేకపోతే కాపలా లేదని అర్థం. కొద్దిగా ఉండటమే రక్షణ. దాని బదులు ఇంటికి వచ్చే 20 లీటర్ల క్యానులో వాసన ఉండదు, నీళ్లు తియ్యగా, తేటగా ఉంటాయి. అందుకే వాటిని నమ్ముతారు. ఆ నీళ్లలో క్లోరిన్ లేదు కాబట్టి క్యాను సరిగా కడగకపోయినా, ప్లాంటులో ఫిల్టరు సమయానికి మార్చకపోయినా క్రిములు పెరగడానికి అడ్డేమీ ఉండదు. ఫ్లోరైడ్, ఉప్పు ఉన్నచోట ఆర్వో (నీళ్లను సన్నని పొర గుండా నెట్టి లవణాలు తీసే పద్ధతి) అవసరమే, దాన్ని కాదనలేం. కానీ నది నీళ్లు శుద్ధి చేసి ఇచ్చే చోట కూడా జనం క్యానుకు మళ్లడం నీళ్ల గుణం చూసి కాదు, పైపు మీద నమ్మకం పోవడం వల్ల. మొదటి రెండు బిందెలు ఎర్రగా వచ్చే పంపును చూసిన మనిషికి, మూడో బిందె మంచిదని ఏ ల్యాబ్ రిపోర్టు చెప్పినా ఎక్కదు.

ఈ అపనమ్మకానికి జనం కడుతున్న ధర తక్కువేం కాదు. క్యాను 15 రూపాయలనుకుంటే వెయ్యి లీటర్లకు 750 రూపాయలు. రోజుకొక క్యాను వాడే ఇంటికి నెలకు 450. నీటి చార్జీలు పెంచుతామంటే పట్టణాల్లో గొడవవుతుంది. జనం నీళ్లకు డబ్బు కట్టరని, ఉచితానికి అలవాటు పడ్డారని తీర్మానించేస్తారు. అదే జనం ప్రతి ఉదయం గుమ్మం దగ్గర డబ్బిచ్చి నీళ్లు కొంటున్నారు. కట్టడానికి ఇష్టం లేక కాదు, చెప్పిన వేళకు రాని వాటికి కట్టడం ఇష్టం లేక. ముందు చార్జీ కట్టండి, తర్వాత నీళ్లు బాగుచేస్తాం అంటే ఎవరూ ఒప్పుకోరు. ఒక డివిజన్‌లోనైనా ముందు బాగుచేసి చూపిస్తే మాట వేరుగా ఉంటుంది.

చేయాల్సినవాటిలో కొన్నిటికి కోట్లు అక్కర్లేదు. 2019 అక్టోబరు నుంచి ప్రతి వార్డులో సచివాలయం ఉంది, అందులో నీళ్లు, వీధిదీపాలు చూసుకునే ఎమినిటీస్ సెక్రటరీ ఉన్నారు. ఆ సచివాలయం గోడ మీద ఆ వార్డు వాల్వులు తెరిచే వేళలు, నిన్న నిజంగా తెరిచిన వేళ, లైను చివరి ఇంటి దగ్గర తీసిన క్లోరిన్ రీడింగు రాసి పెట్టవచ్చు. క్లోరిన్ పరీక్షకు చిన్న కిట్టు చాలు, చుక్కలు వేస్తే నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. ఆ పరీక్ష ట్యాంకు దగ్గర చేసి రిపోర్టు రాయడం కాదు, గుంతలోంచి చెంబుతో ముంచుకునే ఇంటి దగ్గర చేయాలి, ఆ ఇంటామె చూస్తుండగా చేయాలి. పంపుహౌస్‌లో కరెంటు పోయి ఆలస్యమైతే వీధి వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాలి. ఒంగోలు లాంటి చోట వేసవిలో స్టోరేజీ ట్యాంకు ఎన్ని అడుగులుంది, ఈ లెక్కన ఎన్ని రోజులకు వస్తుంది, మళ్లీ సాగర్ నీళ్లు ఎప్పుడు వదలబోతున్నారు అన్నది వారం వారం చెప్పాలి. సాగర్ మట్టం అడుగుల్లో నోటికి చెప్పగల జనానికి తమ ఊరి ట్యాంకు మట్టం తెలియకుండా ఉంచడానికి కారణమేమీ కనిపించదు. గుంతలు పూడ్చమని, మోటర్లు తీసేయమని దాడులు చేసే ముందు ఆ వీధి చివర జోరు ఎంతుందో కొలవాలి. రెండంతస్తుల ఇంటికి నీళ్లు ఎక్కాలంటే పైపులో నీళ్లను 12 మీటర్ల ఎత్తుకు ఎక్కించగల జోరు ఉండాలని 1999 నాటి ప్రభుత్వ ఇంజినీరింగ్ మాన్యువలే చెప్పింది. ఆ జోరు ఇచ్చిన వీధిలో మోటరు బిగించుకునే అవసరం ఎవరికీ రాదు, ఇవ్వని వీధిలో ఎన్నిసార్లు పీకేసినా మర్నాడు మళ్లీ బిగిస్తారు.